ఇరవై ఏళ్లుగా అదే పాఠం చెబుతున్న టీచరు ఇంకా నేర్చుకోవాల్సింది ఏముంటుంది?

సుద్దముక్క (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఉపాధ్యాయుడు నిత్య విద్యార్థిగా ఉండాలని ప్రతి సభలోనూ అంటారు, వినడానికి బాగానే ఉంటుంది. కానీ లెక్కలే తీసుకోండి. పైథాగరస్ సిద్ధాంతం మారదు, భిన్నాల కూడిక మారదు. అదే పాఠాన్ని ఇరవై ఏళ్లు చెప్పిన మనిషికి అర్ధరాత్రి లేపి అడిగినా వచ్చేస్తుంది. మరి కొత్తగా నేర్చుకోవాల్సింది కచ్చితంగా ఏమిటి? దానికి వారంలో ఎంత సమయం పడుతుంది? నేర్చుకున్నది పిల్లలకు పనికొచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఇంకో మాట. శిక్షణ తరగతులు జరుగుతాయి, ఫైళ్లు ఇస్తారు, గ్రూప్ ఫొటో దిగుతారు, సోమవారం నుంచి పాఠం మళ్లీ పాత దారిలోనే నడుస్తుంది. అది ఎందుకు ఒంటబట్టదు? నీతివాక్యాలు వద్దండీ, క్లాసులో చేయగలిగినవి చెప్పండి.

వర్గమూలం

సుద్దముక్క గారూ, సిద్ధాంతం మారదు, నిజమే. దాన్ని పిల్లలు ఎన్ని రకాలుగా తప్పుగా పట్టుకుంటారన్నది మాత్రం ఏ డిగ్రీలోనూ నేర్పరు. సబ్జెక్టు తెలిసి ఉండటం ఒక విద్య. అది పిల్లవాడి బుర్రలో ఎక్కడ మెలిక పడుతుందో తెలిసి ఉండటం వేరే విద్య. ఈ రెండోదాన్ని విడిగా గుర్తించాలని లీ షుల్మన్ అనే అమెరికా విద్యా పరిశోధకుడు 1986లోనే వాదించారు.

ఒక చిన్న ఉదాహరణ. 0.35, 0.8 లలో ఏది పెద్దది అని అడగండి. 0.35 అన్నవాళ్లు 35 కీ 8 కీ పోలిక పెడుతున్నారని మనందరికీ తెలుసు. దీనికి ఇంకో రకం కూడా ఉంది. "వందో వంతు పదో వంతు కంటే చిన్నది కదా, కాబట్టి అంకెలు ఎక్కువ ఉన్నది చిన్నదే" అనుకునే పిల్లలు ఉంటారు. వాళ్లు ఇక్కడ 0.8 అనే చెబుతారు. మీరు టిక్కు పెట్టి ముందుకు వెళ్లిపోతారు. అదే పిల్లలకు 0.4, 0.73 ఇవ్వండి, 0.4 పెద్దదంటారు. మొదటి రకం వాళ్లు ఈ రెండో జతకు సరైన జవాబే ఇస్తారు. అంటే ఏ ఒక్క జత ఇచ్చినా సగం జబ్బు దాక్కుంటుంది, రెండూ పక్కపక్కనే ఇవ్వాలి. 0.5, 0.50 అనే మూడో జత కూడా కలిపితే ఇంకా మంచిది.

ఇక "వెనక సున్నా చేర్చి అంకెలు సమానం చెయ్యి" అనే చిట్కా. జవాబు సరిగ్గా వస్తుంది కానీ ఆలోచన కదలదు. ఆ పిల్లవాడు ఇప్పటికీ 35, 80 అనే పూర్ణసంఖ్యల్నే పోలుస్తున్నాడు. సంఖ్యారేఖ మీద 0.8 ఎక్కడుంటుందో పెట్టమంటే బయటపడుతుంది.

8 + 4 = □ + 5 ఇచ్చి చూడండి. ఖాళీలో 12 రాసేవాళ్లు చాలామంది ఉంటారు, కొందరు 17 రాస్తారు. తెలివితక్కువ కాదు. ఏళ్ల తరబడి "= తర్వాత ఖాళీ, అందులో జవాబు" అన్న అభ్యాసాలే చేయించాం, అందుకే ఆ గుర్తు వాళ్లకు "ఇక లెక్క చెయ్యి" అన్న ఆజ్ఞలా కనబడుతుంది. మందు కూడా సులువే: చిన్న క్లాసుల నుంచే 12 = 8 + 4, 7 = 7, 8 + 4 = 9 + 3 లాంటివి ఇచ్చి తప్పా ఒప్పా అని అడుగుతూ ఉండటం.

అనుభవం వల్ల ఒక నష్టం కూడా ఉంది. బాగా వచ్చిన మనిషికి మధ్యలో మెట్లు కనబడటం మానేస్తాయి. "అటు పంపితే గుర్తు మారుతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. x + 3 = 7 కు అది పనిచేస్తుంది. తర్వాత 3x = 12 రాగానే పిల్లవాడు 3 ను అటు పంపి x = 12 − 3 అని రాస్తాడు. వాడు మనం చెప్పినట్టే చేశాడు! రెండు వైపులా ఒకే పని చేస్తున్నామన్న సంగతి ఆ చిట్కాలో ఎక్కడా లేదు మరి.

కాబట్టి చేయాల్సిన పని: పేపర్లు దిద్దేటప్పుడు ఇంటూ పెట్టి వదిలేయకుండా, ఆ తప్పు జవాబును అలాగే ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, ఎంతమంది రాశారో పక్కన గీతలు పెట్టండి. ఒక అధ్యాయానికి సాధారణంగా నాలుగైదు రకాల తప్పులే తేలతాయి. వాటితో ఒక మలుపు ప్రశ్న తయారు చేయండి. నాలుగు ఐచ్ఛికాలు, ప్రతి తప్పు ఐచ్ఛికం వెనకా ఒకే ఒక అపార్థం ఉండాలి. పీరియడ్ మధ్యలో, అంటే తర్వాతి మెట్టుకు వెళ్లాలా వద్దా అని తేల్చుకునే చోట, అడగండి. రెండు నిమిషాలు చాలు. మూడు లెక్కపెట్టగానే అందరూ ఒకేసారి తాము ఎంచుకున్న ఐచ్ఛికం సంఖ్యకు తగినన్ని వేళ్లు ఛాతీ దగ్గర పెట్టి చూపించాలి, చేయి పైకెత్తితే పక్కవాణ్ణి చూసి మార్చేస్తారు.

ఇది చెడిపోయేది ఎక్కడంటే, తప్పు ఆలోచనతో కూడా ఒప్పు జవాబు వచ్చే ప్రశ్న వేసినప్పుడు. పైన చెప్పిన దశాంశాల సంగతే. ప్రశ్న రాయగానే ప్రతి అపార్థాన్నీ మీరే వేషం వేసుకుని ఒకసారి చేసి చూడండి. ఒప్పు వచ్చిందంటే అంకెలు మార్చాలి.

పరీక్షనాళిక

లెక్కల వాళ్లకు ఆ సౌఖ్యం ఉంది. సైన్సులో సబ్జెక్టే కాళ్ల కింద నుంచి కదిలిపోతుంది. 2006లో ప్లూటో గ్రహాల జాబితాలోంచి పోయింది. కిలోగ్రాము అంటే ప్లాటినం, ఇరిడియం మిశ్రమంతో చేసిన ఒక స్థూపం ద్రవ్యరాశి అన్న నిర్వచనం 2019 మే 20 నుంచి లేదు, ఇప్పుడది ప్లాంక్ స్థిరాంకం అనే, ప్రకృతిలో మారని ఒక విలువ మీద ఆధారపడింది. ఆవర్తన పట్టికలో ఏడో వరుసలో చివరిగా ఖరారైన నాలుగు పేర్లు నిహోనియం, మాస్కోవియం, టెన్నెస్సీన్, ఒగనెసాన్ 2016లో వచ్చాయి. ఇవి కనీసం వార్తల్లో తెలుస్తాయి.

అసలు ప్రమాదం మొదట్నుంచీ తప్పుగా ఉండి, నోట్సులో తరాలు దాటి వస్తున్న వాటితో. నాలుక కొసన తీపి, వెనక చేదు అన్న పటం ఒకటి. నిజానికి అన్ని రుచులూ నాలుక మీద రుచి మొగ్గలు ఉన్న ప్రతిచోటా తెలుస్తాయి. సిరల్లో రక్తం నీలంగా ఉంటుందన్నది ఇంకొకటి, అది ముదురు ఎరుపే, పటంలో వేసిన నీలం గుర్తు కోసమే. భూమి సూర్యుడికి దగ్గరైతే వేసవి అని టీచర్లే అనేస్తుంటారు. భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, అప్పుడు ఉత్తరార్ధగోళంలో చలికాలం. ఈ ఒక్క వాస్తవం బోర్డు మీద రాసి "ఎలా?" అని అడిగితే అక్షం వంపు పాఠం దానంతటదే మొదలవుతుంది.

పద్ధతి: ప్రతి అధ్యాయం మొదలుపెట్టే ముందు ఇరవై నిమిషాలు నోట్సు తిరగేసి, "అతి పెద్ద", "ఏకైక", "ఇప్పటివరకు" అన్న మాటలున్న వాక్యాల కింద గీత గీయండి. ముందుగా పాతబడేవి అవే. గ్రహాల ఉపగ్రహాల సంఖ్యలు మరీను. తర్వాత నిర్వచనాలు, ఆ తర్వాత బొమ్మలు చూసుకోండి.

పాఠ్యపుస్తకంలో పాతదే ఉంటే? పరీక్షకు పుస్తకం ఏం అడుగుతుందో, ఇప్పుడు ఏం తెలుసో రెండూ చెప్పి, రెండో దానికి ఆధారం ఏమిటో చూపించండి. పుస్తకాన్ని వెక్కిరించడం మాత్రం వద్దు, పిల్లలు పరీక్షలో అయోమయపడతారు.

సుద్దముక్క

వర్గమూలం గారూ, ఆ రెండు జతల సంగతి ఇప్పటికిప్పుడు వాడుకోవచ్చు, ధన్యవాదాలు. ఎవరైనా శిక్షణల గురించి కూడా చెప్పండి. అవి ఎందుకు నిలవవు?

వెనక బెంచీ

ఎందుకంటే శిక్షణలో తెలిసేది సమాచారం, క్లాసులో నడిచేది అలవాటు. నలభై మంది ముందు నిలబడ్డప్పుడు ఆలోచించి చేసే తీరిక ఉండదు, చేయి పాత అలవాటుకే పోతుంది. బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980లలో శిక్షణల మీద చేసిన పని సారాంశం కూడా ఇదే: ఉపన్యాసం, ప్రదర్శన, హాలులో అభ్యాసం, ఇవన్నీ ఉన్నా తరగతి గదిలోకి చేరేది తక్కువ. పక్కనే ఉండి చూసి చెప్పే తోటి మనిషి తోడైతే చేరుతుంది.

ఇంకో సంగతి. ఏళ్లు గడిచినంత మాత్రాన నైపుణ్యం అదే వేగంతో పెరగదు. పెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి కొన్నేళ్లలోనే అని రివ్‌కిన్, హనుషెక్, కేన్ అనే ఆర్థికవేత్తలు 2005లో చూపించారు. ఆ తర్వాత కూడా పెరుగుదల ఆగదని పేపే, క్రాఫ్ట్ 2015లో చూపించారు. తోటివారి సహకారం ఉన్న బడుల్లో అది ఎక్కువ అని వాళ్లే అంతకుముందు తేల్చారు. కాబట్టి అనుభవాన్ని తీసిపారేయక్కర్లేదు, దాని మీదే భారం వేసి కూర్చోనూ అక్కర్లేదు.

ఒకసారికి ఒక్క అలవాటే పట్టుకోండి, ఆరు వారాలు. నన్నడిగితే మొదట పట్టుకోవాల్సింది ప్రశ్న అడిగాక ఆగడం. మేరీ బడ్ రో అనే అమెరికా విద్యా పరిశోధకురాలు 1970లలో క్లాసుల టేపులు విని చూస్తే, ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సగటున ఒక సెకను దగ్గర. దాన్ని మూడు సెకన్లు దాటిస్తే జవాబులు పొడుగవుతాయి, మామూలుగా నోరు విప్పని పిల్లలు మాట్లాడతారు, "తెలీదు" అనేవాళ్లు తగ్గుతారు.

చేసే విధానం. ఫోన్ బల్ల మీద పెట్టి పీరియడ్‌లో పది నిమిషాలు ఆడియో రికార్డు చేయండి. ఇంటికెళ్లి వింటూ కాగితం మీద మూడు గడులు గీసుకోండి: ప్రశ్న, ఎన్ని సెకన్లు ఆగాను, ఎవరు జవాబిచ్చారు. పది నిమిషాల రికార్డు వినడానికి పావుగంట పడుతుంది. మొదటి వారం ఒకసారి, మూడో వారం ఒకసారి, ఆరో వారం ఒకసారి. అంతే, రోజూ వద్దు, విసుగొచ్చి మానేస్తారు.

దీన్ని పాడుచేసేవి నాలుగైదున్నాయి. ఆగిన ఆ మూడు సెకన్లలో ప్రశ్నను మనమే మళ్లీ వేరే మాటల్లో చెప్పేస్తాం, పిల్లల ఆలోచన తెగిపోతుంది. పేరు ముందు పిలిచి ప్రశ్న తర్వాత అడిగితే మిగతా వాళ్లంతా ఊపిరి పీల్చుకుంటారు. ప్రశ్న ముందు, నిశ్శబ్దం తర్వాత, పేరు చివర్న ఉండాలి. "అర్థమైందా?" అని అడిగి మూడు సెకన్లు కాదు కదా మూడు గంటలు ఆగినా ఉపయోగం లేదు, ఆగడానికి తగిన ప్రశ్న ఉండాలి. ఆగాక కూడా చేయి ఎత్తిన మొదటివాణ్ణే పిలిస్తే పాత కథే. ఇక రో చెప్పిన రెండో విరామాన్ని చాలామంది మర్చిపోతారు: పిల్లవాడు జవాబు చెప్పాక వెంటనే "వెరీ గుడ్" అనకుండా ఇంకో మూడు సెకన్లు ఆగాలి. చాలాసార్లు వాడే "ఎందుకంటే…" అని కొనసాగిస్తాడు.

మొదటి రెండు వారాలు పీరియడ్ ఈడ్చినట్టుంటుంది, అడిగే ప్రశ్నల సంఖ్య తగ్గుతుంది. సిలబస్ వెనకబడిందని ఇక్కడే చాలామంది వదిలేస్తారు. ప్రశ్నలు తగ్గడం నష్టం కాదు, ఇరవై చిన్న ప్రశ్నల బదులు ఆరు గట్టివి మిగులుతాయి.

తోటి మనిషి కావాలి అన్నాను కదా, దానికి జపాన్‌లో పాతుకుపోయిన పాఠ అధ్యయనం పద్ధతి ఉంది. 1999 తర్వాత వేరే దేశాల్లోనూ పాకింది. నలుగురైదుగురు టీచర్లు ఒకే పాఠం ఎంచుకుంటారు. లెసన్ ప్లాన్ కలిసి రాస్తారు, అందులో "ఇక్కడ పిల్లలు ఏమనొచ్చు" అన్న నిలువు గడి తప్పనిసరి. ఒకరు పాఠం చెబుతారు, మిగతావాళ్లు గదిలో నిలబడి టీచరును కాదు, పిల్లలను చూస్తారు. ఒక్కొక్కరికి ముగ్గురు నలుగురు పిల్లలు. వాళ్లు ఏం రాశారు, ఏం కొట్టేశారు, పక్కవాడితో ఏమన్నారు, అవే మాటల్లో రాసుకోవాలి. అదే రోజు కూర్చుని మాట్లాడాలి, పాఠం చెప్పినవాళ్లు ముందు మాట్లాడాలి. ప్లాన్ మార్చి ఇంకో సెక్షన్‌లో ఇంకొకరు చెబుతారు.

ఇది విఫలమైన ప్రతిచోటా కారణం దాదాపు ఒకటే: చర్చ టీచరు మీదకు మళ్లుతుంది. "మీ గొంతు బాగుంది", "బోర్డు వర్కు నీట్‌గా ఉంది" అన్న మాటలు వినబడ్డాయంటే ఆ రోజు కాఫీ ఖర్చు దండగ. "మూడో వరుసలో అమ్మాయి 4 వ ప్రశ్న దగ్గర ఐదు నిమిషాలు ఆగిపోయింది, స్కేలు తీసి కొలిచింది" అన్న స్థాయిలో మాటలు ఉండాలి. పైఅధికారి వచ్చి కూర్చుంటే ముందే రిహార్సల్ చేయించిన పాఠం నడుస్తుంది, కాబట్టి మొదట్లో వాళ్లను పిలవకపోవడం మేలు.

తర్కం తాతయ్య

అన్నీ బాగున్నాయి గానీ, కొత్తది అన్న ప్రతిదాన్నీ నేర్చుకోవడం కూడా రోగమే. జల్లెడ లేకుండా నేర్చుకునే టీచరు వల్ల పిల్లలకు నష్టం. "ఈ అబ్బాయి చూసి నేర్చుకునే రకం, ఆ అమ్మాయి విని నేర్చుకునే రకం" అన్న సిద్ధాంతమే చూడండి. పాష్లర్, మెక్‌డానియెల్, రోరర్, బ్యోర్క్ అనే మనస్తత్వవేత్తలు 2008లో ఉన్న ఆధారాలన్నీ తిరగేసి, పిల్లల రకాన్ని బట్టి బోధన మార్చితే ఫలితం మెరుగవుతుందనడానికి తగిన ఆధారం లేదన్నారు. అయినా శిక్షణల్లో ఇప్పటికీ ప్రశ్నావళి పంచి పిల్లల్ని మూడు గుంపులు చేయిస్తారు. పిల్లలకు ఇష్టాలు ఉంటాయి, కాదనను. ఇష్టానికి తగ్గట్టు చెబితే ఎక్కువ వస్తుందా అన్నదే ప్రశ్న. అయినా పటం లేకుండా భూగోళం, వినకుండా ఉచ్చారణ ఏ రకం పిల్లవాడికైనా ఎలా వస్తుంది?

ఏదైనా కొత్త పద్ధతి ఎదురైతే ఇవి అడగండి: దేనితో పోల్చి బాగుందన్నారు? ఏమీ చేయకపోవడంతో పోలిస్తే ప్రతిదీ బాగానే ఉంటుంది. ఎన్ని రోజుల తర్వాత పరీక్ష పెట్టారు? పిల్లలకు నచ్చిందన్నారా, వచ్చిందన్నారా?

రెండో ప్రశ్న ఎంత ముఖ్యమో చెబుతాను. రోడిగర్, కార్పికే 2006లో విద్యార్థులకు పాఠ్యభాగాలు ఇచ్చారు. కొందరు రెండోసారి చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తలకిందులు: చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతం. పాఠం చివర్న "అందరికీ వచ్చేసింది" అనిపించడం ఎంత మోసమో చూడండి.

దీన్ని క్లాసులో పెట్టడం తేలిక. పీరియడ్ మొదట్లో ఐదు ప్రశ్నలు, పుస్తకం మూసి, ఐదు నిమిషాలు. నిన్నటి పాఠం నుంచి రెండు, పోయిన వారం నుంచి రెండు, పోయిన నెల నుంచి ఒకటి. వెంటనే జవాబులు చెప్పి పిల్లలతోనే దిద్దించాలి, లేకపోతే తప్పు అలాగే గట్టిపడుతుంది. మార్కులు రిజిస్టర్‌లో ఎక్కించొద్దు. ఎక్కించిన మర్నాటి నుంచే పక్కచూపులు మొదలవుతాయి, మీకు అసలు సమాచారం రాదు.

డిజిటల్ పలక

ఇంకో కోణం. 2022 నవంబరులో, అడిగింది రాసిపెట్టే కృత్రిమ మేధ చాట్‌జీపీటీ వచ్చాక ఇంటి దగ్గర రాసుకొచ్చే వ్యాసం పిల్లవాడి సొంత రాత అన్న నమ్మకం పోయింది. పట్టుకునే సాఫ్ట్‌వేర్ కొంటే సరిపోతుందనుకోకండి. దాన్ని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే తను విడుదల చేసిన గుర్తింపు సాధనాన్ని కచ్చితత్వం తక్కువగా ఉందని 2023 జులైలో వెనక్కి తీసుకుంది. నిజాయతీగా రాసిన పిల్లవాడి మీద నింద వేయడం కంటే పని ఇచ్చే తీరు మార్చడం సులువు.

వ్యాసాన్ని మూడు ముక్కలు చేయండి. క్లాసులో పదిహేను నిమిషాల్లో చేత్తో రాసిన ముఖ్యాంశాలు. ఇంట్లో విస్తరణ. మళ్లీ క్లాసులో రెండు నిమిషాలు, "ఈ పేరాలో ఈ మాట ఎందుకు వాడావు, తీసేస్తే ఏం పోతుంది?" అని ఇద్దరు ముగ్గురిని అడగడం. అందరినీ ఒకే రోజు అడగాలనుకుంటే పని సాగదు, వంతులు వేసుకోండి.

టీచరు కూడా చాట్‌జీపీటీ వాడి చూడాలి. ముందు మీ సబ్జెక్టులో మీకు బాగా తెలిసిన ప్రశ్నలు పది అడిగి, జవాబుల్లో తప్పులు వెతకండి. ఎక్కడ తడబడుతుందో తెలిస్తే, ఆ జవాబునే బోర్డు మీద పెట్టి "ఇందులో తప్పేమిటో పట్టండి" అనొచ్చు. పిల్లల పేర్లు, మార్కులు మాత్రం అందులో వేయకండి.

సుద్దముక్క

ఇన్ని చేయాలంటే సమయం? తప్పుల నోట్‌బుక్, రికార్డింగ్, ఐదు ప్రశ్నలు… దిద్దడానికే రోజు చాలదు కదా.

వర్గమూలం

అందుకే ముందు దిద్దుడు తగ్గించాలి. ప్రతి పేజీలో టిక్కు, సంతకం, "గుడ్" రాయడం పిల్లలకేం నేర్పదు. మార్కు పక్కన వ్యాఖ్య రాసినా పెద్దగా లాభం లేదు. రూత్ బట్లర్ 1988లో చేసిన ప్రయోగంలో వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగయ్యారు, మార్కూ వ్యాఖ్యా రెండూ అందుకున్నవాళ్లకు ఆ లాభం కనబడలేదు. మార్కు చూశాక వ్యాఖ్య చదవరు మరి.

బదులుగా ఇలా చేయండి. నోట్‌బుక్కులు చదవండి, వాటిలో ఏమీ రాయొద్దు. మీ కాగితం మీద మూడు గడులు: ఎక్కువమంది చేసిన తప్పు, ఇద్దరు ముగ్గురికే ఉన్న ఇబ్బంది, చూపించదగ్గ మంచి జవాబు. చేయి తిరిగాక ముప్పై పుస్తకాలకు అరగంట, నలభై నిమిషాలు పడుతుంది. మర్నాడు మొదటి గడిని క్లాసంతటికీ చెప్పి, తప్పు చేసినవాళ్లు సొంతంగా సరిదిద్దుకోవడానికి పది నిమిషాలు ఇవ్వండి. తప్పుల నోట్‌బుక్ వేరే పని కాకుండా ఈ కాగితమే అవుతుంది. తల్లిదండ్రులకు ముందే ఒక మాట చెప్పండి, ఎర్ర సిరా కనబడకపోతే దిద్దలేదనుకుంటారు.

వెనక బెంచీ

ఒకేసారి అన్నీ మొదలుపెట్టకండి సుద్దముక్క గారూ. ఈ ఆరు వారాలకు ఒకటి చాలు, అదీ ఒక్క సెక్షన్‌లో. రెండో సెక్షన్‌ను పాత పద్ధతిలోనే ఉంచితే పోల్చుకోవడానికి ఉంటుంది, కాకపోతే రెండు సెక్షన్ల మొదటి స్థాయి ఒకటేనా అన్నది ముందు ఒక చిన్న పరీక్షతో చూసుకోండి. రికార్డింగ్‌కు ముందు హెడ్‌మాస్టరు గారి అనుమతి తీసుకుని, పిల్లలకు కూడా చెప్పండి. వీడియో వద్దు, ఆడియో చాలు. లెక్క రాసుకున్న రోజే ఫైలు తీసేయండి.